ఆత్తా నిట్టూర్పు

ఆయుధ పూజకి ఇంకా అయిదు రోజులున్నాయనగా, పంపుల కంపెనీ నుంచి సరుకు తనిఖీకి వచ్చిన పెద్దమనిషి, వెళ్ళియంగిరి నడిపే లేతు మిషను ముందర నూనెలో జారి కూర్చుండిపోయాడు. పడటం అనడానికి లేదు, కూర్చోవడమే. రెండు కాళ్ళూ ముందుకి చాపి, చేతిలోని కొలత పరికరం నేలకి తగలకుండా పైకెత్తి పట్టుకుని, పెళ్ళి భోజనాల్లో విస్తరి కోసం ఎదురుచూసే మనిషిలా కూర్చున్నాడు. ఆయన వేసుకొచ్చింది లేత గంధం రంగు ప్యాంటు. లేచి నిలబడ్డాక వెనక నించున్నవాళ్ళకి ఆ రంగు సగమే కనిపించింది.

వెళ్ళియంగిరి గబగబా వచ్చి చేతిలోని పాత గుడ్డతో తుడవబోయాడు. ఎక్కడ తుడవబోతున్నాడో సగం దారిలో గుర్తొచ్చి చెయ్యి ఆగింది. ఆ గుడ్డ ప్యాంటు కంటే జిడ్డుగా ఉందన్న సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది.

పెద్దమనిషిని కారెక్కించి పంపాక నవనీతన్ నేరుగా లేతు దగ్గరికి వచ్చాడు. షాపుకి యజమాని అతనే. తండ్రి పోయి మూడేళ్ళయినా, ముప్పై మంది పనివాళ్ళకీ ఇప్పటికీ చిన్న ముదలాళే, చిన్న యజమానే.

"అన్నా, మీరంటే నాకు చాలా గౌరవం."

వెళ్ళియంగిరి చేతిలోని గుడ్డ కింద పెట్టాడు. ఆ షాపులో గౌరవంతో మొదలైన మాట ఏదీ మంచిగా ముగిసింది లేదు.

"తెలుసు సార్."

"ఈ మిషనన్నా గౌరవమే. నాన్న కొన్న మొదటి మిషను. కానీ ఏడాదిగా నూనె కారుతూనే ఉంది. గేరు లివర్‌కి సైకిల్ ట్యూబు కట్టి నడుపుతున్నారు. చేతి చక్రం పావు చుట్టు తిరిగితే గాని పనిముట్టు కదలదు. పూజ అయిన మర్నాడు పాత ఇనుము లారీ వస్తోంది. దీన్ని ఎక్కించేద్దాం."

"మరి నేను?"

"మీకేం అన్నా! స్టోర్‌లో మయిలసామి అన్న పక్కన హాయిగా కూర్చోండి. అక్కడ ఫ్యాను కూడా ఉంది."

వెళ్ళియంగిరికి యాభై నాలుగేళ్ళు. మయిలసామి పక్కన ఫ్యాను కింద కూర్చుని నట్లు లెక్కపెట్టే వెళ్ళియంగిరిని తల్చుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా మయిలసామిని 'తూకం రాయి' అని పిలిచింది తనే. పొద్దున పెట్టినచోట సాయంత్రం దాకా ఉంటాడని, ఎవరైనా కదిపితే గాని కదలడని, పదిమందిలో చెప్పి నవ్వించింది తనే. ఆ రాయి పక్కన ఇంకో రాయిగా ఇంకో ఆరేళ్ళు.

"సార్, పూజలోపు బాగు చేస్తాను. ఒక్క చుక్క కారదు."

నవనీతన్ చెడ్డవాడు కాదు. నేల మీది నూనె వంక చూశాడు. "సరే. పూజ ముందురోజు దీని కింద నేనే తెల్ల కాగితం పరుస్తాను. పొద్దున ఎనిమిదికి మొదలుపెట్టి సాయంత్రం అయిదు దాకా నడపండి. కాగితం తెల్లగా ఉంటే మిషను ఉంటుంది, మీరూ దాని దగ్గరే ఉంటారు."

"తెల్లగా అంటే సార్..."

"తెల్లగా అంటే తెల్లగానే అన్నా."

*

వెళ్ళియంగిరి తన పేరే ఉన్న కొండల కింది పల్లె నుంచి పదిహేడో ఏట, వీధి వీధినా మిషను షాపులుండే ఆవారంపాళయం వచ్చి పడ్డాడు. మొదటి రెండేళ్ళూ వేరే షాపులో లేతుల కింద పడే ఇనప సుడులు ఊడ్చి తట్టలకెత్తే పని. ఆ తర్వాత ఈ షాపు పెట్టి అతన్ని పనిలోకి తీసుకున్న పెద్ద ముదలాళి, అంటే నవనీతన్ తండ్రి, ఒక నూలు మిల్లు మూతపడుతుంటే దాని వర్క్‌షాపులోంచి ఈ లేతుని కొని లారీ మీద తెచ్చాడు. దింపి, కొబ్బరికాయ కొట్టి, "ఏరా కుర్రాడా, నువ్వు నడుపు" అన్నాడు. వెళ్ళియంగిరి లివర్ ఎత్తాడు. ఇనప ముక్కని పట్టి తిప్పే అంత బరువైన చక్ ఒక్కసారిగా గిర్రున తిరిగేసరికి "ఆత్తా!" అని కేకేసి రెండడుగులు వెనక్కి దూకాడు. వాళ్ళ ఊరి వైపు అమ్మకీ, అమ్మవారికీ, ఇంట్లో ముసలమ్మకీ అదే పిలుపు. షాపంతా నవ్వింది. ఆ రోజు నుంచి లేతు పేరు ఆత్తా.

అప్పటి నుంచి ముప్పై ఏళ్ళ పైన ఆత్తా దగ్గరే నిలబడ్డాడు. అతని గోళ్ళ కింద నలుపు ఆ నిలబడటంలో చేరినదే. పెళ్ళినాడు కిరసనాయిలుతో, కుంకుడు రసంతో తొమ్మిదిసార్లు చేతులు కడుక్కున్నాడు. అయినా పసుపుతాడు ముడేసి చెయ్యి తీసేసరికి ఆ పసుపు మీద రెండు నల్లటి వేలిముద్రలు అచ్చుపడ్డాయి. "అందరూ తాళి కడతారు, మా ఆయన వేలిముద్ర కూడా వేశాడు, ఆస్తి కాగితం మీద వేసినట్టు" అని తులసిమణి ఇప్పటికీ చుట్టాలకి చెబుతుంది.

నవనీతన్ కంప్యూటర్ మిషన్లు తెచ్చినప్పుడు వెళ్ళియంగిరిని కూడా ఒకదాని ముందు నిలబెట్టారు. పదకొండు రోజులు. అతనికి కోత సరిగ్గా పడుతోందో లేదో చెవికి తెలియాలి. ఆ మిషనుకేమో కోతని మూసేసే అద్దం తలుపు. అందుకని అద్దానికి చెవి ఆనించి నిలబడేవాడు. అలా ఆనించి ఆనించి పదకొండో రోజున భుజంతో ఎర్ర బటన్ నొక్కేశాడు. షాపంతా మోగింది. పన్నెండో రోజు అతను ఆత్తా దగ్గర ఉన్నాడు, ఎవరూ ఏమీ అనలేదు.

అందుచేత, ఆత్తా లారీ ఎక్కితే షాపులో అతనికి మిగిలేది మయిలసామి పక్క కుర్చీ ఒక్కటే.

*

మొదటి రోజు లివర్ల పని పట్టాడు.

గేరు లివర్ వెనక ఒక స్టీలు గోలీ ఉంటుంది. స్ప్రింగు దాన్ని తోస్తూ ఉంటే గోలీ గుంటలో పడి లివర్‌ని పెట్టినచోట నిలబెడుతుంది. విప్పి చూస్తే గోలీ అరిగి కోడిగుడ్డులా ఉంది, గుంట అరిగి పళ్ళెంలా ఉంది. గుంటని వెల్డింగుతో నింపి మళ్ళీ తొలిచాడు. కొత్త గోలీ, కొత్త స్ప్రింగు వేశాడు. లివర్ 'టక్' మని కూర్చుంది. సైకిల్ ట్యూబు విప్పి ఎవరూ చూడకుండా జేబులో పెట్టుకున్నాడు. రెండేళ్ళుగా అది షాపులో అందరూ చూస్తున్నదే.

చేతి చక్రం సంగతి ఇంకొంచెం కష్టం. లోపలి కంచు నట్టు మరలు అరిగిపోయాయి. కొత్త నట్టు తొలవాలంటే లేతు కావాలి. చేత్తో నడిపే లేతు ఇదొక్కటే. అరిగిన నట్టుతోనే, ఆ పావు చుట్టు వదులుని ప్రతిసారీ చేత్తో లెక్కగట్టుకుంటూ, కొత్త నట్టు తొలిచాడు. తన మందు తనే నూరుకునే మంత్రసానిలా ఆత్తా ఓపిగ్గా తిరిగింది. సాయంత్రానికి చక్రం వెంట్రుకవాసి తిప్పినా పనిముట్టు వెంట్రుకవాసి కదిలింది. ఇంటికెళ్ళి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

రెండో రోజు నూనె కారే పని. స్టోర్ కిటికీ దగ్గరికి వెళ్ళి, నూనె బయటికి రాకుండా చక్ వెనకాల వేసే ఆయిల్ సీలు, లివర్ల ఇరుసులకి రబ్బరు రింగులు, గేర్ల పెట్టె మూత కింద వేయడానికి బెండు షీటు అడిగాడు.

మయిలసామి కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "ముసలమ్మకి ఎన్నిసార్లు గుడ్డలు మారుస్తావయ్యా?"

"నువ్వు ఇచ్చే పని చూడు."

"ఇస్తాలే. కోప్పడకు. పూజ అయ్యాక ఇచ్చే పని నువ్వూ చూద్దువుగాని. కుర్చీ కిటికీ వైపు వేయమంటావా, గోడ వైపా?"

వెళ్ళియంగిరి సంతకం పెట్టి సామాను తీసుకున్నాడు. సంతకం కాగితం మీద యథాప్రకారం నల్లటి వేలిముద్ర కూడా పడింది.

అన్నీ మార్చాడు. కొత్త నూనె గీత దాకా పోశాడు. మధ్యాహ్నం మిషను నడిపితే గంటసేపు నేల పొడిగా ఉంది. గంట దాటాక, చక్ వెనక నుంచి కాకుండా, ఎప్పుడూ కారని చోట నుంచి, గేరు లివర్ మొదట్లో చెమట పట్టినట్టు తడి మెరిసింది. చూస్తుండగానే అది చుక్కగా పెరిగి రాలింది.

మట్టం చూద్దామని నూనె పోసే మూత తిప్పాడు. 'హుస్స్' అని ఒక నిట్టూర్పు వదిలింది ఆత్తా. ఈ మధ్య మూత తీసినప్పుడల్లా ఇలాగే వదులుతోంది. వెళ్ళియంగిరి జాలిగా దాని ఆకుపచ్చ ఒంటి మీద చెయ్యి వేశాడు.

"నీకూ దిగులుగానే ఉందా ఆత్తా?" అన్నాడు మెల్లిగా.

మూడో రోజు లివర్ ఇరుసులు విప్పి, ఇంకా బిగుతైన రింగులు వేశాడు. ఈసారి మూత అంచు నుంచి కారింది. మూత విప్పి బెండు షీటు రెండు వరసలు వేసి జిగురు రాసి బిగించాడు. ఈసారి నూనె మట్టం చూసే గాజు కన్ను చుట్టూ ఉబికింది. ఒకచోట మూస్తే ఇంకోచోట. ఎంత గట్టిగా మూస్తే అంత కసిగా. మునుపు బొట్లు బొట్లుగా కారేది, ఇప్పుడు తోసుకుని వస్తోంది. స్పానర్ కింద పడేసి మిషను చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

అప్పుడే అతని బుర్రలో ఒక పాడు ఆలోచన వచ్చింది. నూనె తక్కువైతే కారడానికేం ఉంటుంది? డబ్బా పెట్టి కింది మర విప్పి రెండు లీటర్లు తీసేశాడు. మిషను నడిపాడు. రెండు నిమిషాలు కాలేదు, గేర్ల పాట మారింది. నున్నగా సాగే హోరులో ఎండు గొంతు కీచు దూరింది. దాహంతో ఉన్నవాళ్ళ నోటి దగ్గర నుంచి చెంబు లాక్కున్నట్టనిపించి, గబుక్కున ఆపి, తీసిన నూనె చుక్క మిగలకుండా మళ్ళీ పోశాడు. పోస్తుంటే కళ్ళు మసకబారాయి. నూనె ఘాటు అనుకున్నాడు. ఆ నూనెకి ఘాటు ఉండదు.

నవనీతన్ అద్దాల గదిలోంచి చూస్తున్నాడని అతనికి తెలియదు. తీయడమైతే చూశాడు. ఆ తర్వాత ఫోను మోగింది. తిరిగి పోయడం చూడలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో కంచం ముందు కూర్చుని పప్పన్నంలో నెయ్యి కలుపుతూనే ఉండిపోయాడు.

"మళ్ళీ కారిందా?" అంది తులసిమణి.

"ఊఁ."

"ఎన్ని మార్చారు?"

"ఉన్నవన్నీ మార్చాను. ఆరు సీళ్ళు."

"నా మోకాళ్ళ నొప్పికి మూడేళ్ళు. ఒక్క సీలు మార్చారా?"

మామూలుగా అయితే నవ్వేవాడు. ఆ రోజు నవ్వలేదు. నవ్వకపోయేసరికి తులసిమణికి భయం వేసింది. మజ్జిగ గ్లాసు దగ్గరికి జరిపింది.

*

పూజ ముందురోజు పొద్దున నవనీతన్ మాట ప్రకారం మిషనంత పొడుగు తెల్ల కాగితం తెచ్చి స్వయంగా లేతు కింద పరిచాడు. మిగతావాళ్ళు తమ తమ మిషన్లు కడుగుతున్నారు, గేటుకి అరటి పిలకలు కడుతున్నారు. పని చేస్తున్నది ఆత్తా ఒక్కటే.

తొమ్మిదీ ఇరవైకి మొదటి చుక్క పడింది.

వెళ్ళియంగిరి మోకాళ్ళ మీద కూర్చుని పెన్సిలుతో దాని చుట్టూ సున్నా చుట్టి పక్కన టైము రాశాడు. కారే మిషనుకి అలా గుర్తు పెట్టమని పెద్ద ముదలాళి నేర్పాడు. తన ఉరితాడుకి తనే కొలత తీసుకుంటున్నట్టుంది. అయినా రాశాడు. చెయ్యి అలవాటు. పదీ అయిదుకి రెండోది. పదిన్నరకి మూడోది.

ఇక అయిపోయింది. మూత తిప్పాడు. 'హుస్స్'. లోపలికి తొంగి చూశాడు, నూనె గీత మీద సరిగ్గా ఉంది. మూత చేతిలో పట్టుకుని అలాగే నడుచుకుంటూ గేటు దాటి, ఎదురుగా ఉన్న బేకరీలో కూర్చున్నాడు. ఎవరో టీ, కొబ్బరి బన్ను తెచ్చి పెట్టారు. టీ మీద మీగడ కట్టింది. ఎంతసేపు కూర్చున్నాడో తెలియదు. దూరంగా హోరు వినిపిస్తోంది. తెలిసిన హోరే. ఎవరి మిషనా అని కాసేపు ఆలోచించాడు.

అది ఆత్తా. ఆపకుండా వచ్చేశాడు!

తిరిగే లేతుని వదిలి బయటికెళ్ళినవాళ్ళని ఆ షాపులో చెవి పట్టుకుని తీసుకొచ్చింది తనే. లుంగీ ఎగ్గట్టి పరుగెత్తాడు. షాపులో అందరూ మామిడాకుల గొడవలో ఉన్నారు, ఎవరూ గమనించలేదు. స్విచ్చి మీద చెయ్యి వేసి, ఆపబోతూ కిందికి చూశాడు.

మూడే చుక్కలు. గోడ గడియారం చూశాడు. పదకొండున్నర. గంట నుంచి నాలుగో చుక్క లేదు.

మోకాళ్ళ మీద పడి గాజు కన్ను చుట్టూ వేలితో తడిమాడు. పొడి. లివర్ మొదట్లో పొడి. మొహం తుడుచుకుందామని రుమాలు కోసం జేబులో చెయ్యి పెడితే గట్టిగా ఏదో తగిలింది. నూనె మూత. బిగించడం మర్చిపోయి జేబులో వేసుకుని తిరుగుతున్నాడు.

మూత బిగించాడు. పావుగంటకి గాజు కన్ను చెమర్చింది. మూత తీశాడు. 'హుస్స్'. చెమట ఆగిపోయింది. మళ్ళీ బిగించాడు, మళ్ళీ చెమర్చింది. మళ్ళీ తీశాడు.

అది నిట్టూర్పు కాదు. లోపల ఇరుక్కున్న గాలి. గేర్లు తిరిగి నూనె వేడెక్కితే లోపలి గాలి ఉబ్బుతుంది. బయటికి పోయే దారి లేక నూనెని తోసుకుని సీళ్ళలోంచి వస్తోంది. పాత సీళ్ళు వదులుగా ఉన్నన్నాళ్ళు వాటి సందుల్లోంచి కొంతైనా పోయేది. వాటిని తను బిగించేకొద్దీ ఇంకా ఉడికిపోయింది. మరి అసలు దారి ఏమైంది? ఆత్తా ఊపిరి ఎక్కడ తీసుకుంటుంది?

గేర్ల పెట్టె మూత మీద, ముందు వైపు, పుట్టగొడుగంత ఇత్తడి బొడిపె. దాని నెత్తిన సూది పట్టేంత తూటు. "ఇది దీని ముక్కురా" అని పెద్ద ముదలాళి మొదటి రోజే చూపించాడు. వెళ్ళియంగిరికి తెలియక కాదు. ఏటా ఆయుధ పూజకి సరిగ్గా ఆ బొడిపె మీదే గంధం రాసి కుంకుమ పెట్టేవాడు. ఎదురుగా, ఎత్తుగా, గుండ్రంగా ఉండేది అదొక్కటే. అలా పెట్టగా పెట్టగా, ముక్కు కాస్తా నుదురైపోయింది.

గంధం వల్ల నష్టం లేదు. మర్నాడు మిషను అదిరితే ఎండి రాలిపోయేది. రాలినప్పుడల్లా అతనికి మనసు చివుక్కుమనేది. అందుకని కిందటేడు, షాపు పెట్టి ఎన్నో ఏడో అయిందని మిషన్లన్నిటికీ ఆకుపచ్చ రంగు వేసినప్పుడు, ఏడాది పొడుగునా చెరగకుండా ఉండాలని, ఎర్ర ఎనామిల్ డబ్బాలో వేలు ముంచి, ఒత్తుగా, రెండు పూతలు, ముచ్చటగా, ఆత్తాకి శాశ్వతంగా బొట్టు పెట్టాడు.

అదిగో, ఇప్పటికీ నిగనిగలాడుతోంది.

వెళ్ళియంగిరి దాని వంక చూస్తూ అలాగే కూర్చుండిపోయాడు. ఆరు సీళ్ళు, రెండు వరసల బెండు, మూడు రోజుల అవస్థ, తనిఖీ పెద్దమనిషి ప్యాంటు. అన్నీ తన వేలి చలవే.

భోజనాల గంట మోగి షాపు ఖాళీ అయ్యేదాకా ఆగాడు. చిన్న చాకు తీశాడు. తీరా తీశాక చెయ్యి ఆడలేదు. తెల్లవారితే పూజ. పూజ ముందురోజు ఎవరైనా ఆడమనిషి నుదుటి బొట్టు గీకేస్తారా? అటూ ఇటూ చూసి, చెప్పులు విప్పి, "తప్పయిపోయింది ఆత్తా, నీ ఊపిరి కోసమే" అని గొణిగి, కళ్ళు సగం మూసుకుని గీకాడు. ఎర్ర పెచ్చు ఊడి వచ్చింది. సూదితో తూటు పొడిచి, నూనె మూత బిగించి, మిషను వేశాడు. కాసేపటికి తూటు మీద వేలు పెడితే సన్నగా, వెచ్చగా గాలి తగిలింది.

ఏడాదికి ఆత్తా ఊపిరి పీల్చింది. వెళ్ళియంగిరి కూడా.

*

అయిదింటికి నవనీతన్ వచ్చి వంగి చూశాడు.

"మూడు చుక్కలు అన్నా."

"పదిన్నర తర్వాత ఒక్కటి లేదు సార్. టైము రాశాను చూడండి."

"పదిన్నరకి ఏం చేశారు?"

వెళ్ళియంగిరి నోరు తెరిచాడు. వెనక నాలుగు అడుగుల దూరంలో మయిలసామి ఊరికే నించున్నాడు. చెప్పొచ్చు. ఒక్క వాక్యం. కానీ ఆ వాక్యం బయటికొస్తే, శబ్దం విని మిషను జబ్బు చెప్పే వెళ్ళియంగిరి ఉండడు. ముక్కుకి రంగేసి ఆరు సీళ్ళు మార్చిన వెళ్ళియంగిరి ఉంటాడు. ఆవారంపాళయంలో ప్రతి బేకరీలో ఉంటాడు.

"ఏదో సార్... కొంచెం సర్దాను."

నవనీతన్ మొహం ముడుచుకుంది. "నూనె తీసేసి నడిపితే ఏ మిషనూ కారదు అన్నా. నిన్న డబ్బాలోకి తీయడం నేను చూశాను."

"అయ్యో, మళ్ళీ పోశాను సార్! గాజులో చూడండి, గీత మీద ఉంది!"

నవనీతన్ చూశాడు. ఉంది. అయినా తల అడ్డంగా ఊపాడు. "సరే, అలా అన్నందుకు క్షమించండి. కానీ ఎందుకు ఆగిందో చెప్పలేకపోతున్నారు. ఎందుకో తెలియకుండా ఆగింది రేపెప్పుడో మళ్ళీ మొదలవుతుంది. ఇంకెవరైనా పడి నడుం విరగ్గొట్టుకుంటే? లారీకి చెప్పేశాను అన్నా. వస్తుంది."

ఇంటికి వెళ్ళే దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగాడు వెళ్ళియంగిరి. రెండుసార్లూ మయిలసామి నవ్వు చెవిలో వినిపించి మళ్ళీ ముందుకే నడిచాడు. సిగ్గుకీ దుఃఖానికీ మధ్య అతనికి ఊపిరాడే తూటు లేకుండా పోయింది.

*

పూజ నాడు మిషన్లు ముట్టుకోకూడదు. అన్నీ కడిగించుకుని, చేమంతి దండలు వేసుకుని, చంటిపిల్లల్లా కూర్చున్నాయి. బొరుగులు, శనగలు, గుమ్మడికాయ సిద్ధం. నవనీతన్ తల్లి రంగనాయకి అమ్మణి వెండి పళ్ళెంలో గంధం ముద్ద పెట్టుకుని వచ్చింది. డెబ్భై దాటిన మనిషి. కంప్యూటర్ మిషన్లకి అద్దం మీద పెట్టింది, స్టోర్‌లో మయిలసామి తరాజుకి పెట్టింది. ఆఖరికి ఆత్తా ముందుకొచ్చి ఆగింది.

"రేపు వెళ్ళిపోతుందంటగా. మీ పెద్దాయన మొదట కొన్నది" అంది. కూతుర్ని అత్తారింటికి పంపే తల్లిలా, గంధం ముద్ద అందరికంటే పెద్దది తీసుకుని, ఎప్పుడూ పెట్టే ఇత్తడి బొడిపె వైపు వేళ్ళు చాపింది.

"వద్దు అమ్మణీ!"

వెళ్ళియంగిరి కేకకి గంట వాయించే మనిషి చెయ్యి ఆగింది. కర్పూరం పళ్ళెం ఊగింది.

"అక్కడ పెట్టకండి! ఊపిరాడదు!"

ముప్పై జతల కళ్ళు అతని మీద. రంగనాయకి అమ్మణి గంధం వేలు గాలిలోనే ఉంది.

"ఎవరికిరా ఊపిరాడదు? నీకా?"

ఇక దాచడానికి ఏమీ లేదు. చెప్పాడు. తల దించుకుని, గోళ్ళ నలుపు వంక చూస్తూ, తొలి చుక్క నుంచి ఎర్ర ఎనామిల్ రెండో పూత దాకా చెప్పాడు. నిన్న గీకిన పెచ్చు కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు, పారేయడానికి మనసొప్పక. అది కూడా తీసి చూపించాడు.

మొదట మయిలసామి నవ్వాడు. నవ్వి నవ్వి బొరుగుల బస్తా పట్టుకుని కూర్చున్నాడు. "అమ్మవారి ముక్కు మూసి మూడు రోజులు కాళ్ళకి కట్లు కట్టాడయ్యా!" షాపంతా ఒక్కసారి గొల్లుమంది. చెవులు మండిపోతుంటే వెళ్ళియంగిరి కదలకుండా నిలబడ్డాడు.

నవనీతన్ మాత్రం నవ్వలేదు. ఆ ఎర్ర పెచ్చు తీసుకుని వెలుతురుకి పెట్టి చూశాడు. వంగి బొడిపె తూటు చూశాడు.

"పదిన్నరకి చేసింది ఇదా?"

"పదిన్నరకి నూనె మూత తీసి మర్చిపోయాను సార్. ఇది పన్నెండున్నరకి. నిన్న చెప్పడానికి సిగ్గేసింది."

"ఇంతకీ మిషనులో తప్పేం లేదన్నమాట."

"తప్పంతా నాదే సార్. లివర్లు కూడా ఇప్పుడు కొత్తవాటిలా ఉన్నాయి."

నవనీతన్ జేబులోంచి ఫోను తీశాడు. "ఆఁ, లారీ వద్దు... కాదు, మిషను బాగానే ఉంది. ఎందుకంటే... అదో పెద్ద కథ." అప్పుడు వచ్చింది అతనికి నవ్వు. ఫోను చేత్తో మూసుకుని గోడ వైపు తిరిగాడు.

రంగనాయకి అమ్మణి ఇంకా అలాగే నిలబడి ఉంది. "నవ్వులు అయ్యాయా? నా వేలి మీద గంధం ఎండిపోతోంది. ఇప్పుడు దీనికి ఎక్కడ పెట్టమంటావురా?"

వెళ్ళియంగిరి ఆత్తాని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. తూటు లేని చోటు, కదలని చోటు, వేడెక్కని చోటు. గేర్ల పెట్టె పక్కవైపు నున్నటి ఇనుము చూపించాడు.

"ఇక్కడ అమ్మణీ."

"బుగ్గనా?" అంది ఆవిడ. "సరే, దిష్టి చుక్క అనుకుంటాలే." పెట్టింది.

గుమ్మడికాయ పగిలింది. బొరుగులు పంచుతున్నారు. మయిలసామి రెండు పొట్లాలు పట్టుకుని వచ్చి ఒకటి వెళ్ళియంగిరి చేతిలో పెట్టాడు. నవ్వి నవ్వి కళ్ళలో వచ్చిన నీళ్ళు ఇంకా ఆరలేదు.

"కుర్చీ తీసేయమంటావా మరి?"

"తీసెయ్."

"ఆరేళ్ళు నీతో కాలక్షేపం అవుతుందనుకున్నాను. అదీ పోయింది." పొట్లం విప్పుతూ ఆగాడు. "అవును, ఆ ఎర్ర డబ్బాలో మిగిలిన రంగు ఏం చేశావు? ఎండిపోతుందని పారేసి ఉండవే, నీ సంగతి నాకు తెలుసు."

వెళ్ళియంగిరి నోట్లో బొరుగులు అలాగే ఉండిపోయాయి. మెల్లిగా తల తిప్పి, షాపు అవతలి మూల చేమంతి దండ వేసుకుని కూర్చున్న మిల్లింగ్ మిషను వంక చూశాడు. ఏడాదిగా దాని కింద కారే నూనె పీల్చడానికి ఎప్పుడూ ఒక రంపపు పొట్టు తట్ట ఉంటోంది. దాని నడినెత్తిన ఇత్తడి బొడిపె. బొడిపె మీద గుండ్రంగా, ఒత్తుగా, ఎర్రగా, నిగనిగలాడుతూ బొట్టు ఉంది.

ఇవాళ పూజ. రేపటి దాకా ముట్టుకోవడానికి లేదు.